థర్మామీటర్ పగిలి పాదరసం కింద పడితే ఏం చేయాలి

ముందు పిల్లల్ని బయటికి పంపేసి కిటికీలు తెరవండి, ఫ్యాన్, ఏసీ ఆపేయండి. చీపురు, వాక్యూమ్ అస్సలు వద్దు, వాటితో ఆ వెండిరంగు పాదరసం చుక్కలు ఇంకా చిన్నగా చెదిరిపోయి మూలల్లోకి దూరి ఆవిరవుతూనే ఉంటాయి, ఆ ఆవిరికి వాసన కూడా ఉండదు, అసలు భయం అదే. గ్లౌజులు వేసుకుని అట్టముక్కతో మెల్లగా ఒకచోటికి తోసి, డ్రాపర్‌తో పీల్చి, గట్టి మూత ఉన్న సీసాలో వేయండి. లైట్లు ఆపి టార్చ్ ఏటవాలుగా నేలమీద కొడితే మిగిలిన చుక్కలు తళుక్కుమంటాయి, వాటిని టేపుతో అద్దండి.

సింకులో మాత్రం పోయకండి ప్లీజ్, నీళ్లలో చేరితే మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారి చేపల్లోకి ఎక్కుతుంది, జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడ్డ జబ్బుకి కారణం ఈ విషమే. సీసాని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వండి, కొత్తది డిజిటల్ కొనండి.