పలకగానూ ల్యాప్‌టాప్‌గానూ: కొత్త హైబ్రిడ్ ట్యాబ్లెట్‌ను రోజువారీ పనిలోకి తెచ్చుకోవడం

కీబోర్డు తగిలిస్తే ల్యాప్‌టాప్‌గా, ఊడదీస్తే పలకగా పనిచేసే హైబ్రిడ్ ట్యాబ్లెట్‌ను కొన్నవారిలో చాలామంది మొదటి వారం దాన్ని అన్ని రకాలుగా తిప్పి చూసి, ఆ తర్వాత కీబోర్డు తగిలించి బల్ల మీదే ఉంచేస్తారు. అలా వాడటానికైతే అంతకంటే తక్కువ ధరకు మామూలు ల్యాప్‌టాప్ దొరుకుతుంది. జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పే నేను విండోస్ 11తో నడిచే 13 అంగుళాల హైబ్రిడ్‌ను రెండేళ్లుగా వాడుతున్నాను. దాన్ని రోజంతా చేతిలో ఉండే వస్తువుగా మార్చినవి కొత్త యాప్‌లు కావు, మొదటి నెలలో చేసుకున్న కొన్ని అమరికలేనని అనుభవం మీద చెప్పగలను.

అన్నిటికంటే ముందు రికవరీ కీ సంగతి చూడాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు ఇటువంటి పరికరాల్లో చాలావాటి డిస్కు దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే తాళం వేసినట్టు, కీ లేనిదే చదవలేని రూపంలోకి మారుతుంది. దొంగ చేతికి చిక్కినా మన కాగితాలు భద్రంగా ఉండటానికి ఇది మంచి ఏర్పాటే గాని, ఏదైనా పెద్ద అప్‌డేట్ తర్వాతో మరమ్మతు తర్వాతో తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగితే, అది లేనివారికి డిస్కులోని ఫైళ్లు చేతికి రావు. ఆ కీ మన ఖాతాలోనే ఉంటుంది కాబట్టి, పరికరం కొన్న రోజునే ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో ఆ ఖాతా తెరిచి, అంకెలను కాగితం మీద రాసుకుని, ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టుకోవాలి. ట్యాబ్లెట్‌లోనే ఒక ఫైలుగా దాచుకుంటే, అవసరమైన వేళ ఆ ఫైలు కూడా తాళం లోపలే ఉండిపోతుంది.

రెండవది, దుకాణం వారు తిరిగి తీసుకునే గడువు ముగియక ముందే మీ పాత ప్రింటరు, స్కానరు, టెండర్లకూ పన్ను రిటర్నులకూ వాడే డిజిటల్ సంతకం టోకెన్ దీనితో పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఈ మధ్య వచ్చిన హైబ్రిడ్‌లలో కొన్నిటికి ఫోన్లలో ఉండే తరహా ఆర్మ్ ప్రాసెసర్లు ఉంటున్నాయి. బ్యాటరీ ఎక్కువసేపు రావడం వాటి గొప్ప సుగుణం. మామూలు ప్రోగ్రాములు వాటిలోనూ చాలావరకు నడుస్తాయి గాని, ప్రింటరు వంటి పరికరాలను నడిపే డ్రైవర్లనే చిన్న ప్రోగ్రాములను మాత్రం ఆర్మ్ కోసం ప్రత్యేకంగా రాసి ఉండాలి. ఆడిటర్ల దగ్గరా కాంట్రాక్టర్ల దగ్గరా పనిచేసేవారు ఈ ఒక్క విషయం చూసుకోకపోతే కొన్న ప్రయోజనమే దెబ్బతింటుంది. ర్యామ్ కూడా సాధారణంగా బోర్డు మీద అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోవడానికి వీలుండదు. నాలుగైదేళ్లు వాడాలనుకునేవారు 16 జీబీ ఉన్నది తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇక తెలుగు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ విభాగానికి వెళ్లి తెలుగును చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ అనే రెండు రకాల కీబోర్డులు అందుబాటులోకి వస్తాయి. ఫొనెటిక్ కీబోర్డు 2019 మే నెల విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు కొడుతూ ఉంటే తెలుగు మాటలు తెర మీద కనిపిస్తాయి కనుక, వాట్సాప్‌లో అలా రాసే అలవాటున్నవారికి ఇది మొదటి రోజునుంచే పనికొస్తుంది. అయినా రోజుకు రెండు మూడు పేజీలు రాసేవారు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవాలనే నేను గట్టిగా చెబుతాను. అందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. తెలుగు మాటలో హల్లు, గుణింతం ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి కాబట్టి రెండు చేతులకూ పని సమంగా పడుతుంది. విండోస్ మీటను, స్పేస్ మీటను కలిపి నొక్కితే భాష మారుతుంది.

పాత ఫైళ్లను దీనిలోకి తెచ్చుకునేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టించిన ప్రశ్నపత్రాలు, కరపత్రాలు ఆ ఫాంట్లు లేని పరికరంలో అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా తెరుచుకుంటాయి. అది ఫైలు పాడవడం కాదు, ఆ పాఠ్యం అన్ని పరికరాలకూ అర్థమయ్యే ఉమ్మడి అక్షర సంకేతాల పద్ధతి అయిన యూనికోడ్‌లో లేకపోవడం. కన్వర్టర్‌తో ఒకసారి యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులనూ పొల్లులనూ కంటితో సరిచూసుకుంటే ఆ తర్వాత ఫోన్‌లో కూడా చదువుకోవచ్చు.

కీబోర్డు తీసి పలకగా పట్టుకున్నప్పుడే ఈ పరికరం అసలు విలువ తెలుస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌ల తెర 16:9 కొలతలో వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉంటుంది. 2014లో మైక్రోసాఫ్ట్ హైబ్రిడ్ సర్ఫేస్ ప్రో 3 ఎంచుకున్న 3:2 కొలత తెరను నిలువుగా పట్టుకుంటే, ఏ4 కాగితానికి చాలా దగ్గరి ఆకారం వస్తుంది. స్కాన్ చేసిన జవాబుపత్రం పేజీ మొత్తంగా కనిపిస్తుంది, డిజిటల్ పెన్నుతో ఎర్ర సిరా రంగు ఎంచుకుని మార్జిన్‌లో మార్కులు వేయవచ్చు, విద్యార్థి వదిలేసిన మెట్టు దగ్గర చిన్న బాణం గీసి చూపవచ్చు. ఈ పని మౌస్‌తో ఇంత సులువుగా చేయలేము. పడుకుని చదివేటప్పుడు పేజీ అటూ ఇటూ తిరగకుండా, కీబోర్డు తీసిన తర్వాత క్విక్ సెట్టింగ్స్‌లోని రొటేషన్ లాక్‌ను నొక్కి ఉంచాలి. కీబోర్డు తగిలించి ఉంటే ఆ మీట పనిచేయకపోవచ్చు, అది లోపం కాదు. మూడు వేళ్లతో తెర మీద పైకి తోస్తే తెరిచి ఉన్న కిటికీలన్నీ కనిపిస్తాయి, కిందికి తోస్తే డెస్క్‌టాప్ వస్తుంది. ఈ రెండూ వేళ్లకు అలవాటైతే మౌస్ కోసం వెతుక్కునే పని ఉండదు.

పలక వెనుక మడత తీస్తే వచ్చే కాలు (కిక్‌స్టాండ్) మీద నిలబడే రకమైతే ఒడిలో పెట్టుకుని రాయడం కుదురుగా ఉండదు. రైలు బెర్తు మీద కూర్చున్నప్పుడు ఒడిలో ఒక అట్టనో గట్టి పుస్తకాన్నో పరచుకుంటే ఆ కిక్‌స్టాండ్ జారదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినవి నిద్ర, వేడి. ఫోన్ మాదిరిగానే ఈ పరికరాలు స్లీప్‌లో ఉన్నప్పుడూ లోలోపల కొంత మెలకువగా ఉండి మెయిళ్లు, అప్‌డేట్లు చూసుకోగలవు. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం కీబోర్డు మూసి సంచిలో పెట్టి గుంటూరు నుంచి విజయవాడకు బస్సులో వెళ్లాను. దిగి తీసి చూస్తే పలక వీపు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది, బ్యాటరీ సగానికి పైగా కరిగిపోయింది. ఆ రోజునుంచి సంచిలో పెట్టే ముందు తప్పకుండా హైబర్నేట్ చేస్తున్నాను. హైబర్నేట్‌లో, తెరిచి ఉన్న పనంతా డిస్కులో భద్రమై యంత్రం పూర్తిగా ఆగిపోతుంది, మళ్లీ తెరిస్తే కొద్ది క్షణాల్లో వదిలిన చోటే మొదలవుతుంది. స్టార్ట్ మెనూలో ఆ మాట కనిపించకపోతే, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, పవర్ బటన్ల పని నిర్ణయించే పేజీలో హైబర్నేట్ పక్కన టిక్ పెట్టుకోవాలి. ఎండలో నిలిపిన కారులో దీన్ని ఎప్పుడూ వదలకూడదు. లిథియం అయాన్ బ్యాటరీ నిండా ఛార్జ్ అయి ఉండి, పైన వేడి కూడా తగిలితే త్వరగా ముసలిదవుతుంది. ఎక్కువసేపు బల్ల మీద ప్లగ్గు పెట్టి వాడేవారు, తయారీదారు ఇచ్చే అమరికల్లో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటే దాన్ని పెట్టుకోవాలి. యూఎస్‌బీ సీ ద్వారా ఛార్జ్ అయ్యే వాటికి 45 లేదా 65 వాట్ల పీడీ (పవర్ డెలివరీ) ఛార్జర్ ఒకటి ఉంటే ఫోన్‌కూ దీనికీ అదే సరిపోతుంది. ఫోన్‌తో వచ్చిన 18 వాట్ల ఛార్జర్‌తో మాత్రం పని చేస్తూ ఉంటే బ్యాటరీ నిండటం కష్టం.

వన్‌డ్రైవ్ బ్యాకప్ గురించి ఒక్క మాట. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ మాత్రమే. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫొటోల ఫోల్డర్లన్నీ అందులోకి వెళ్లేలా ఉంచితే అది త్వరలోనే నిండిపోతుంది. డాక్యుమెంట్స్ ఒక్కటే అక్కడ ఉంచి, ఫొటోలను విడిగా ఒక హార్డ్ డిస్కులో పెట్టుకోవచ్చు.

కీబోర్డు ఉన్నట్టుండి పలకడం మానేస్తే సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తే ముందు దాన్ని ఊడదీసి, పలక అంచున అయస్కాంతం పక్కన ఉండే చిన్న లోహపు చుక్కలను చూడండి. తరగతి గదిలో వాడే నా దానికి అక్కడ సన్నని సుద్దపొడి పొరలా పడుతుంది. కళ్లద్దాలు తుడిచే పొడిబట్టతో ఆ చుక్కలనూ కీబోర్డు వైపు ఉన్న వాటినీ నెమ్మదిగా తుడిచి తిరిగి తగిలిస్తే, టక్కుమని అంటుకుని వెంటనే మీటలు పనిచేస్తాయి. వారానికోసారి, శనివారం సాయంత్రం తెర తుడిచేటప్పుడే ఈ పని కూడా చేసుకుంటాను.