రెండు గంటలకొక వచనం: శ్రమ కాలంలో విశ్వాసాన్ని నిలుపుకోవడం ఎలా?

నా భర్తకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయే నాటికి నేను పదేళ్ళుగా స్త్రీల కూటంలో ప్రార్థన నడిపిస్తున్నాను. కష్టంలో ఉన్నవాళ్ళకు ఏ వాక్యం చదివి వినిపించాలో నాకు కంఠతా వచ్చు. ఆ మొదటి వారం మాత్రం మోకాళ్ళూని "తండ్రీ" అన్నాక నా నోట ఇంకొక్క మాట రాలేదు. ఆయన మూడేళ్ళు మంచం మీద ఉన్నారు. ఆ మూడేళ్ళలో నేను చేసినవి, చేయలేక మానేసినవి, ముందే తెలిసి ఉంటే బాగుండేదనిపించినవి ఇక్కడ రాస్తున్నాను. మీరు ఇప్పుడు శ్రమలో ఉంటే అన్నీ ఒకేసారి మొదలుపెట్టవద్దు. ఒకటి చాలు.

మొదట, దేవుని దగ్గర మర్యాద కోసం దుఃఖాన్ని దాచకండి. నేను చాలా రోజులు దాచాను. లోపల కోపం మండుతుంటే పైకి స్తోత్రాలు చెల్లించాను. చివరికి ప్రార్థనే ఆగిపోయింది. బైబిలులో 88వ కీర్తన తెరిచి చూడండి. "నాకు రక్షణకర్తవగు దేవా" అనే పిలుపుతో మొదలవుతుంది, చీకటిలోనే ముగుస్తుంది. చివర్లో ఓదార్పు లేదు, సమాధానం లేదు. అయినా దాన్ని ప్రార్థనల పుస్తకంలోనే ఉంచారు. ఆ కీర్తన రాసిన మనిషి తన గోడు ఇరుగుపొరుగుకు చెప్పుకోలేదు, నేరుగా దేవునికే చెప్పుకున్నాడు. విశ్వాసం ఉందని చెప్పడానికి నాకు అదే పెద్ద గుర్తు. ఒక నోటుపుస్తకం తీసుకుని మీ ఫిర్యాదును "ప్రభువా" అనే పిలుపుతో మొదలుపెట్టి రాయండి. తరువాతి వాక్యం ఎంత కటువుగా ఉన్నా ఆ పిలుపును మాత్రం వదలవద్దు.

రెండోది, మీ శక్తికి తగినంత చిన్న కొలత పెట్టుకోండి. మంచాన పడినవారికి పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్క మార్చాలని మాకు చెప్పారు. రాత్రి ఎనిమిదికి, పదికి, పన్నెండుకు, రెండుకు, నాలుగుకు, ఉదయం ఆరుకు ఫోనులో అలారం పెట్టుకున్నాను. ఆరుసార్లు. 13వ కీర్తనలో సరిగ్గా ఆరు వచనాలున్నాయి. పక్క మార్చి, దుప్పటి సర్ది, ఒక వచనం ఆయనకు వినపడేలా చదివేదాన్ని. ఎనిమిదింటికి "ఎన్నాళ్ళవరకు నన్ను మరచిపోవుదువు?" అనే మొదటి వచనం. అర్ధరాత్రి మూడోది, "నా కన్నులకు వెలుగిమ్ము" అనే మొర. తెల్లవారుజామున నాలుగింటికి, ఒళ్ళు అసలు సహకరించని ఆ వేళకు, "నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచియున్నాను" వచ్చేది. ఆ మాట నాకు నిజమనిపించని రాత్రులు ఎన్నో ఉన్నాయి. అయినా చదివాను. ఇది వేషం కాదా అని ఒకరోజు నన్ను నేనే అడిగాను. కాదనే అనుకుంటున్నాను. దయ్యం పట్టిన కుమారుని తండ్రి యేసుతో "నమ్ముచున్నాను" అంటూనే, ఆ వెంటనే తన అపనమ్మకానికి సహాయం చేయమని వేడుకున్నాడు. ఆ రెండు మాటలూ ఒకే నోట వచ్చాయి. ప్రభువు ఆ తండ్రిని తోసివేయలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు.

ఆరో వచనం కీర్తించడం గురించి. దాన్ని ఆ మూడేళ్ళూ చదివి ఊరుకున్నాను, పాడలేదు. మీకూ అలా ఉంటే మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు.

మీ శ్రమ రోగమే కానక్కరలేదు. ఉద్యోగం పోయి ఉండవచ్చు, బిడ్డ దారి తప్పి ఉండవచ్చు. రోజులో మీరు తప్పక చేసే పని ఏదో ఒకటి ఉంటుంది. వచనాన్ని దానికి జోడించండి. ఖాళీ సమయం దొరికినప్పుడు చదువుతానంటే శ్రమ కాలంలో ఆ ఖాళీ రాదు.

శరీరం సంగతి. ఏలీయా ప్రవక్త చనిపోతే బాగుండునని కోరుకుని చెట్టు కింద పడుకున్నప్పుడు, దేవుని దూత వచ్చి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్ళీ నిద్రపోయాడు. దూత రెండోసారీ లేపి తినమన్నాడు. దేవుడు హోరేబు కొండ దగ్గర అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. అందుకే తినండి, ఎవరినైనా కాపలా ఉంచి నిద్రపోండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలని లేకపోయినా వైద్యుని దగ్గరకు వెళ్ళండి. అది విశ్వాసంలో లోటు కాదు. ఇంకొక మాట కూడా గట్టిగా చెప్పాలి. మిమ్మల్ని ఎవరైనా కొడుతుంటే దాన్ని సిలువ అనుకుని భరించవద్దు. అక్కడినుంచి బయటపడి సహాయం తీసుకోండి.

ఇక మనుషులు. ఒక విశ్వాసి గుమ్మంలో నిలబడి "ఇది మహానందమని యెంచుకో, సహోదరీ" అని వెళ్ళిపోయారు. ఆ వాక్యం మీద నాకు ఏడాదిపాటు విముఖత కలిగింది. తర్వాత ఆ వాక్యం ఉన్న యాకోబు పత్రిక, అంటే యాకోబు రాసిన లేఖ, మొదటి అధ్యాయం మెల్లగా చదివాను. అక్కడ "యెంచుకొనుడి" అంటే కోరి తెచ్చుకోవడం కాదు, లెక్కించడం. పక్షవాతం ఆనందమని యాకోబు అనలేదు. విశ్వాసానికి కలిగే పరీక్ష ఓర్పును పుట్టిస్తుందని కారణం చెప్పాడు. ఆ ఓర్పుకు గ్రీకులో వాడిన మాటకు మూలార్థం బరువు కింద నిలిచి ఉండడం. ఆ మూడేళ్ళు నేను చేసిందల్లా అదే కదా అనిపించి ఏడ్చాను. అలా లెక్కించే జ్ఞానం లేకపోతే దేవుణ్ణి అడగమని ఐదో వచనం చెబుతుంది. నాలాంటివాళ్ళు ఐదో వచనం దగ్గరే మొదలుపెట్టవచ్చు.

బైబిలులో అన్నీ పోగొట్టుకుని రోగంతో బాధపడిన యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మౌనంగా అతని పక్కన కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదే. నోరు విప్పాకే గాయపరిచారు. ఎవరి పాపం వల్ల నీకిలా జరిగిందని అడిగేవారితో వాదనకు దిగవద్దు. పుట్టుగుడ్డివాని విషయంలో శిష్యులు అదే అడిగితే, వాడైనా వాని తల్లిదండ్రులైనా పాపం చేసినందుకు కాదని ప్రభువే చెప్పాడు.

సహాయం అడిగేటప్పుడు మాత్రం స్పష్టంగా అడగండి. "మా కోసం ప్రార్థించండి" అని ఊరుకోకండి. పౌలు చెరలో ఉండి తన శిష్యుడు తిమోతికి రాస్తూ, త్రోయలో వదిలి వచ్చిన తన అంగీని, పుస్తకాలను తెమ్మన్నాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. అంత పెద్ద అపొస్తలుడే అంగీ అడిగినప్పుడు నాకెందుకు సిగ్గు అనుకుని, సంఘంలో ఒక సోదరిని శనివారం రాత్రి పన్నెండు, రెండు గంటల పక్క మార్పులు చూసుకోమన్నాను. ఆమె వచ్చింది. అడగకుండానే మూడో వచనం, నాలుగో వచనం తనే చదివింది. అక్కడినుంచి శనివారాలు నేను వరుసగా నాలుగు గంటలు నిద్రపోయాను.

చివరిది, శ్రమ ముగిసిన తర్వాత సంగతి. నా భర్త బాగుపడలేదు, ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారు. తన శరీరంలో ముల్లు అని తాను పిలిచిన బాధను తీసివేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది తొలగినట్టు రాసి లేదు. "నా కృప నీకు చాలును" అనే జవాబే ఉంది. ఆ మాట నాకు అర్థమైందని చెప్పను, అందులో బతుకుతున్నాను. సమాధి కార్యక్రమం ముగిసిన రాత్రి నాలుగింటికి అలారం మోగింది. ఆపడం మరచిపోయాను. పక్క మార్చడానికి ఎవరూ లేరు. మీ శ్రమ తీరినా తీరకపోయినా ఈ అలవాటును వెంటనే తీసివేయవద్దని చెప్పేది అందుకే. నేను మంచం అంచున కూర్చుని ఐదో వచనం చదివాను. ఆరింటికి ఆరోది, మొదటిసారి పాడాను.