చాకులు కూడబెట్టేవాళ్లకు: నూనె, ఒర, చేతిమార్పు

కొలిమిలో కొట్టిన వేట కత్తి అలుగు ఎక్కువగా కార్బన్ ఉక్కే. చెమట చెయ్యి తగిలినా తుప్పు మచ్చ పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు పలుచగా రాయండి. పల్లి నూనె మాత్రం వద్దు. అది పోనుపోను జిగటై మడత చాకు కీలును పట్టేస్తుంది. తోలు ఒరలో ఉంచి దాచొద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. ఒర వేరు, కత్తి వేరు.

తోటివాళ్లకు చూపేటప్పుడు మడత చాకు మూసే ఇవ్వాలి. వేట కత్తిని బల్లమీద పెట్టండి, వాళ్లే తీసుకుంటారు. తిరిగి రాగానే వేలిముద్రలు తుడవండి.

పాలమూరు, నల్గొండ వైపు పాత ఇంట్లో జింక కొమ్ము పిడి కత్తి కనబడితే ఎంత ముచ్చటేసినా కొనొద్దు, మార్చుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యానికైతే వేట కత్తి అసలు తీసుకెళ్లకండి.