ఆకు మీద పాచి – మూడో పాఠం: గీకే ముందు చూడండి

మొదటి పాఠంలో మైక్రోస్కోపు సర్దుకున్నాం. రెండో పాఠంలో ఏది కలువ, ఏది తామర, ఏది హైడ్రిల్లా అని గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఇప్పుడు అందరి చెయ్యీ టూత్‌బ్రష్ మీదకే పోతుందని నాకు తెలుసు, ఆకుని గరగరా గీకేసి ఆ పసుప్పచ్చ నీళ్ళు స్లైడ్ మీద వేసేసి పేర్లు రాసేసుకుందామని. కాస్త ఆగండి. ఆ పని వచ్చే పాఠంలో చేద్దాం.

నేను మొదటి ఏడాదంతా గీకుతూనే గడిపాను. నోట్‌బుక్ నిండా పేర్లు పోగయ్యాయి గానీ, ఆకు మీద ఎవరు అంటుకుని ఉన్నారు, ఎవరు నిలబడి ఉన్నారు, ఎవరు ఊరికే చిక్కుకుని వేలాడుతున్నారు అంటే ఒక్క ముక్క చెప్పలేకపోయాను. పెళ్ళి భోజనాలయ్యాక ఎంగిలాకులు లెక్కపెట్టి, ఏ బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పమన్నట్టుంది నా పని. అందుకే ఈ పాఠంలో బ్రష్ లేదు, ఆకుని ఆకులాగే చూస్తాం.

ముందు మాటల గొడవ ఒకటి తేల్చుకుందాం. మనవైపు హైడ్రిల్లానీ నాచే అంటారు, దాని మీద పట్టిన జిగురునీ నాచే అంటారు. హైడ్రిల్లా పువ్వు పూసే మొక్క. ఆ జిగురులో ఉండేవి శైవలాలు, వాటికి వేరూ పువ్వూ ఉండవు. ఈ పాఠాల్లో రెండోదాన్ని పాచి అంటున్నాను, స్నానాల గట్టు మీద కాలు జారితే తిట్టుకునే పాచే.

ఆకు కోసం ఎక్కడికెళ్ళాలి? విశాఖ నుంచైతే నా ఓటు కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సుకే. అచ్యుతాపురం దగ్గర, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. తాటి దొప్పలు కలిపి కట్టిన దోనెలో తిప్పుతారు, కాబట్టి నీళ్ళలో దిగక్కర్లేదు. ముడసర్లోవ దగ్గరే కదా అనకండి, అది తాగునీటి రిజర్వాయరు, అందులో చెయ్యి పెట్టొద్దు. అంత దూరం వెళ్ళలేకపోతే ఊళ్ళో ఏ పాత చెరువైనా, కలువలు పెంచే తొట్టైనా సరే.

నేను తామరలు వదిలేసి అడుగున నల్లబడిన ఆకులు ఏరుతుంటే దోనె తోసే పెద్దాయన చాలాసేపు చూసి, "ఏటి బాబూ, పువ్వులొగ్గేసి కుళ్ళిపోయిన ఆకులట్టుకెల్తున్నారు?" అన్నాడు. కుళ్ళిపోయినట్టుండే ఆ ఆకే మనకి కావాలి. ముదురాకు మీద మట్టి పట్టినట్టు కనిపించే ఆ గోధుమరంగులో మట్టి కొంతే, చాలావరకు డయాటమ్‌లు, అంటే గాజులాంటి పెంకున్న ఒంటికణం శైవలాలు. వాటిలోనూ పత్రహరితం ఉంటుంది గానీ ఫ్యూకోజాంథిన్ అనే ఇంకో రంగు దాన్ని కప్పేస్తుంది, అందుకే పచ్చగా కాక బెల్లప్పాకంలా ఉంటాయి.

కొయ్యడం నీళ్ళలోపలే కొయ్యాలి. హైడ్రిల్లా కాడని పైకి లాగితే గాలిలోకి వచ్చేసరికి సగం పాచి జారిపోతుంది. వెడల్పు మూతి సీసాని నీళ్ళలో ముంచి, కాడని దాంట్లోకి వంచి, అక్కడే కత్తెరతో కత్తిరించండి. తర్వాత సీసాలో నీళ్ళు తగ్గించి సగానికి పైగా గాలి వదలండి. ఒకసారి నిండా నింపి మూత బిగించి ఎండలో బస్సెక్కాను. గాజువాక ట్రాఫిక్ దాటి ఇంటికొచ్చి మూత తీస్తే మురుక్కాలవ కంపు. అప్పటినుంచి తడిగుడ్డ చుట్టి తెస్తున్నాను, అదే రోజు చూసేస్తున్నాను.

హైడ్రిల్లానే ఎందుకంటే దాని ఆకు మందం రెండు కణాల పొరలే. కొయ్యకుండా, చీల్చకుండా ఆకు మొత్తాన్ని స్లైడ్ మీద పెట్టినా వెలుతురు ఇవతలికి వస్తుంది. కలువాకుతో ఆ పని జరగదు. తామరాకు పైభాగం అయితే నీళ్ళనే నిలవనివ్వదు, పాచినేం నిలవనిస్తుంది! తామరలో చూడాల్సింది నీళ్ళలో మునిగి ఉన్న కాడ. గుర్రపుడెక్కకైతే గుంపు అంచున ఉన్న వేళ్ళు చూడండి, మధ్యలోవి చీకట్లో ఉంటాయి.

సరే, ఒక ఆకు తుంచి స్లైడ్ మీద పరవండి. అదే చెరువు నీళ్ళ చుక్క వెయ్యండి, కుళాయి నీళ్ళు వద్దు. పైన కప్పే పల్చటి గాజుముక్కని, అదే కవర్‌స్లిప్‌ని, ఒక పక్కనుంచి మెల్లగా వాల్చండి, వేలితో నొక్కకండి. 100 రెట్లతో మొదలుపెట్టి, ఆకు మధ్యకి కాకుండా ముందు అంచుకి వెళ్ళండి. నాకు ఇది తెలియడానికి చాలాకాలం పట్టింది. మధ్యలో అన్నీ పైనుంచి కనిపిస్తాయి, మనుషుల్ని మేడమీంచి చూసినట్టు తలకాయలే. అంచు దగ్గర, రంపంపళ్ళ లాంటి ఆ ముళ్ళ సందుల్లో, అవే పక్కనుంచి కనిపిస్తాయి. ఎవరికి కాడ ఉంది, ఎవరు బోర్లా పడుకున్నారు అన్నది అక్కడే తెలుస్తుంది.

400 రెట్లకి మార్చి అక్కడే నిలబడండి. ఆకుకి అతుక్కుపోయి కోలగా, బిళ్ళలా ఉన్నది కాకొనీస్ అనే డయాటమ్. నత్తలు ఆకుని నాకేసి వెళ్ళిపోయినా చాలావరకు మిగిలేది ఇదే, అంత గట్టిగా పట్టుకుంటుంది. దాని పక్కన సన్నటి జిగురు కాడ, కాడ చివర గదలాంటి డయాటమ్, ఒక కొస లావు, ఒక కొస సన్నం: అది గాంఫొనీమా. ఆ కాడ దాదాపు పారదర్శకం, వెలుతురు ఎక్కువైతే కనిపించదు, స్లైడ్ కింద వెలుతురు తగ్గించే డయాఫ్రమ్‌ని కాస్త మూసి చూడండి. కణం రెండుగా చీలినప్పుడు కాడ కూడా కొమ్మ వేస్తుంది, అలా చీలగా చీలగా చిన్న చెట్టులా తయారవుతుంది. ఇంకా పైకి పోయేవి పచ్చటి దారాలు. కొమ్మల్లేకుండా, కొన్ని కణాల పైకొసన సన్నటి గాజులు పేర్చినట్టు గీతలుంటే ఈడోగోనియం. కొమ్మలుండి, ఉల్లిగడ్డలాంటి మొదలున్న పొడవాటి వెంట్రుకలు కనిపిస్తే బల్బోకీట్.

ఈ ఎత్తులకి ఒక వరస ఉంది. లేత ఆకు మీద ముందు బ్యాక్టీరియా జిగురు, తర్వాత బోర్లా పడుకునేవి, ఆ తర్వాత కాడలున్నవి, చివరికి దారాలు. రేకుల ఇళ్ళు పోయి డాబాలు, డాబాలు పోయి అపార్ట్‌మెంట్లు, విశాఖలో మధురవాడ ఎదిగినట్టే. అక్కడ సముద్రం కనిపించడం కోసం, ఇక్కడ వెలుతురు కోసం. నీళ్ళలోకి ఎరువులూ మురుగూ ఎక్కువ చేరితే దారాలు గుబురెక్కి కిందివాళ్ళకే కాదు, మొయ్యాల్సిన ఆకుకే వెలుతురు లేకుండా చేస్తాయి.

పెనం మీద అట్టు వేసినట్టు పచ్చటి గుండ్రటి బిళ్ళ కనిపిస్తే అది కోలియోకీట్, ఒక్క కణం మందమే ఉంటుంది. దాన్ని ఊరికే దాటిపోకండి, నేల మీద మొక్కలకి దగ్గరి చుట్టాల్లో ఇదొకటి. ఇక మైక్రోస్కోపే అక్కర్లేనిది గ్లియోట్రైకియా అనే నీలిపచ్చ శైవలం: ఉడికిన సగ్గుబియ్యంలా, పచ్చగానో గోధుమగానో, కాడలకి అంటుకుని ఉంటుంది. నలిపి చూస్తే తోకలు బయటికి తిప్పిన దారాలు, ఒక్కోదాని మొదట్లో ఒక గుండ్రటి కణం. గాలిలో నత్రజనిని పట్టేది ఆ గుండు కణమే.

చూస్తున్నది పచ్చ శైవలమో, నీలిపచ్చదో తేలకపోతే అయొడిన్ పరీక్ష ఉంది. మెడికల్ షాపులో దొరికే పోవిడోన్ అయొడిన్‌ని పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్ళు కలిపి, కవర్‌స్లిప్ ఒక అంచున ఒక చుక్క వేసి, రెండో అంచున టిష్యూ పేపరు ఆనించి లాగండి. పచ్చ శైవలాల్లో పిండిపదార్థం ఉంటుంది, ఆ చోట్లు నల్లనీలంగా మారతాయి. నీలిపచ్చవీ డయాటమ్‌లూ అలా మారవు. అయితే ఆకులోనూ పిండి ఉంటుంది కాబట్టి వెనకంతా నల్లబడిపోతుంది. బొమ్మలు వేసుకున్నాకే, అన్నింటికన్నా చివర చెయ్యండి.

మైక్రోస్కోపు లేనివాళ్ళు ఫోల్డ్‌స్కోప్ అనే మడత కాగితపు మైక్రోస్కోపుతో మొదలుపెట్టొచ్చు, 140 రెట్లు చూపిస్తుంది, గాంఫొనీమా చెట్టు దాకా పర్వాలేదు. ఉన్నవాళ్ళు మాత్రం లెన్సుల పెట్టెలో సిలికాజెల్ పొట్లాలు పడెయ్యండి, మన సముద్రపు తేమకి బూజు పట్టడం ఎంతసేపు!

ఈ వారం పని: ఒకే హైడ్రిల్లా కాడ నుంచి మూడు ఆకులు. చిగురు దగ్గర ఒకటి, చిగురు నుంచి పదో చుట్టులో ఒకటి, అట్టడుగున ఒకటి. మూడింటి అంచులూ పెన్సిల్‌తో గియ్యండి, పేర్లు రాకపోయినా ఎత్తులు సరిగ్గా వెయ్యండి. మిగిలిన మొక్కముక్కల్ని ఇంకో చెరువులో పారబొయ్యకండి, హైడ్రిల్లా చిన్న ముక్క నుంచైనా పెరిగేస్తుంది, ఎండబెట్టి పడెయ్యండి. ఆ మూడు బొమ్మలూ దగ్గర పెట్టుకుని రండి, బ్రష్‌తో పని అప్పుడే.