లోగో దగ్గరే ఆగిపోయిన ల్యాప్‌టాప్: ఫార్మాట్‌కి ముందు ఇవి చూడండి

ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది, కంపెనీ లోగో కనిపిస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. వెంటనే కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి పరిగెత్తకండి. ముందు పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, డాంగిల్ అన్నీ పీకేసి మళ్లీ ఆన్ చేయండి. తీయడం మర్చిపోయిన పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవ్వబోయి ఆగిపోవడం మామూలే.

అయినా రాకపోతే బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్‌లోకి వెళ్లండి. ఆన్ చేస్తూనే ఎఫ్2 నొక్కుతూ ఉండాలి. హెచ్‌పీ అయితే ఎఫ్10. అక్కడ ఎస్ఎస్‌డీ (విండోస్, ఫైళ్లు ఉండే డిస్క్) పేరు కనిపిస్తోందా లేదా అన్నదే ముఖ్యం. కనిపించకపోతే డిస్క్ వదులైనా అయ్యుండాలి, పోయినా అయ్యుండాలి; షాపుకి వెళ్లాల్సిందే. కనిపిస్తే తేడా చాలావరకు విండోస్‌లోనే. లోగో వచ్చాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపేయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రికవరీ స్క్రీన్ దానంతట అదే వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే స్టార్టప్ రిపేర్ ఉంటుంది. ఈమధ్యే అప్‌డేట్ పడి ఉంటే దాన్ని తీసేసే ఆప్షన్ కూడా అక్కడే.

మధ్యలో బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) 48 అంకెల కీ అడిగితే టెన్షన్ పడొద్దు. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే సాధారణంగా దొరుకుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లని అడగండి.

షాపులో "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అంటే ముందు డేటా బ్యాకప్ తీయమని గట్టిగా చెప్పండి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న పిల్లల ఫొటోలు, సర్టిఫికెట్లు ఉండేది సీ డ్రైవ్‌లోనే, ఫార్మాట్‌లో మొదట పోయేవీ అవే.