లైనక్స్ మింట్‌లో వైఫై ఎలా వచ్చిందంటే (నా అనుభవం)

లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి, దాని బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాక అంతా బాగుంది, వైఫై తప్ప. నెట్‌వర్క్ గుర్తు నొక్కితే వైఫై అనే మాటే లేదు.

కెర్నల్ (సిస్టమ్‌లోని మూల భాగం) మార్చాను, వైఫై డ్రైవర్‌ను (వైఫై చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) రెండుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, లాభం లేదు.

చివరికి పనిచేసింది ఇది. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు ఇచ్చే సౌకర్యం) ఆన్ చేశాను. మింట్‌కు వెంటనే నెట్ అందింది. మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిచి, రికమెండెడ్ అని ఉన్న వైఫై డ్రైవర్ ఎంచుకుని అప్లై నొక్కాను. మధ్యలో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను లోడ్ కానివ్వని రక్షణ) కోసం ఒక పాస్‌వర్డ్ పెట్టమంది. దాన్ని తప్పకుండా కాగితం మీద రాసుకోండి.

అసలు కిటుకు రీస్టార్ట్‌లో ఉంది. నీలం తెర వచ్చి, ఏదైనా కీ నొక్కమని 10 సెకన్లు లెక్కపెడుతుంది. ముందు ప్రయత్నాల్లో దాన్ని పట్టించుకోలేదు, అందుకే డ్రైవర్ ఉన్నా లోడ్ కాలేదు. ఈసారి కీ నొక్కి, ఎన్‌రోల్ మోక్ (Enroll MOK, అంటే డ్రైవర్ సంతకపు కీని నమోదు చేయడం), కంటిన్యూ, యెస్, తర్వాత ఆ పాస్‌వర్డ్, చివర రీబూట్. లాగిన్ అవగానే వైఫై పేర్లన్నీ కనిపించాయి. ఎంత హాయిగా అనిపించిందో!

సెక్యూర్ బూట్ ఆఫ్‌లో ఉంటే ఈ నీలం తెర రాదు. డ్రైవర్ మేనేజర్ ఏమీ చూపకపోతే మీ సమస్య వేరే కావచ్చు. నేను చేసింది ఒక్క లాప్‌టాప్‌లోనే.