కమాండ్ ఇంజెక్షన్, 5వ పాఠం: ఫైల్ పేరునూ నమ్మకండి

కమాండ్ ఇంజెక్షన్ అంటే, బయటి నుంచి వచ్చే ఇన్‌పుట్‌లో కమాండ్ దాచి మన మెషిన్ చేత నడిపించడం. ఈసారి నేరుగా, ఇలా దెబ్బతిన్న ఒక ఫైర్‌వాల్ సంగతిలోకి వెళ్దామనుకున్నాను. పోయిన పాఠానికి మీరు పంపిన జవాబులు చూశాక ఆగక తప్పలేదు. ఐపీ అడ్రస్ తీసుకుని, పింగ్ (ఒక మెషిన్ జవాబిస్తుందో లేదో చూసే కమాండ్) పక్కన అతికించి, షెల్‌కి, అంటే కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్‌కి ఇచ్చే పేజీ అది. ఆ పింగ్ పేజీని సరిచేయమంటే చాలామంది ఒకటే దారి పట్టారు: ఐపీ అడ్రస్ గడిలో సెమీకోలన్ (షెల్‌లో ఒక కమాండ్ ముగిసి ఇంకోటి మొదలయ్యే గుర్తు) కనిపిస్తే తీసేయడం. గుంటూరు నుంచి రాసిన ఒక డిప్లొమా కుర్రాడు పైపు గుర్తు, ఆంపర్‌శాండ్, స్పేస్ కూడా తీసేసి, "ఇంకెవరూ ఏమీ చేయలేరు కదా మేడమ్?" అని అడిగాడు.

చేయగలరు నాన్నా. నీ పేజీలోనే $(హూయామై) అని కొట్టి చూశాను, హూయామై అంటే ఏ యూజర్ పేరుతో నడుస్తున్నామో చెప్పే కమాండ్. "డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే హోస్ట్ తెలియదు" అని పింగ్ ఎర్రర్ ఇచ్చింది. అంటే షెల్ ముందు నా కమాండ్ నడిపింది, వచ్చిన జవాబును తీసుకెళ్లి పింగ్‌కి అందించింది. సెమీకోలన్‌తో పనే పడలేదు. స్పేస్ తీసేస్తే డాలర్ గుర్తు పెట్టి ఫ్లవర్ బ్రాకెట్లలో ఐఎఫ్ఎస్ అని రాస్తాను, షెల్ దాన్ని స్పేస్‌గా మార్చుకుంటుంది. డాలర్‌ని ఆపితే బ్యాక్‌టిక్ (` గుర్తు) ఉంది, అదీ $( ) పనే చేస్తుంది. బ్యాక్‌టిక్‌ని ఆపితే కొత్త లైను ఉంది. షెల్‌కి లైను మారితే కొత్త కమాండే.

ఇన్‌పుట్‌ని డబుల్ కోట్స్‌లో పెట్టామని కొందరు రాశారు. డబుల్ కోట్స్ లోపల కూడా $( ) నడుస్తుంది. సింగిల్ కోట్స్‌లో పెట్టామని ఇంకొందరు. లోపలికి వచ్చే మాటలోనే ఒక సింగిల్ కోట్ ఉంటే మీ కోట్ అక్కడితో ముగిసిపోతుంది.

చెడ్డ ముక్క కనిపిస్తే చెరిపేసే పద్ధతి అన్నిటికన్నా ప్రమాదం. పై ఫోల్డర్‌కి పోకుండా ../ ని ఒకసారి చెరిపేసే కోడ్ విజయవాడ నుంచి ఇద్దరు పంపారు. దానికి ....// ఇవ్వండి. మధ్యలోని ../ పోతుంది, అటూ ఇటూ మిగిలినవి కలిసి మళ్లీ ../ అవుతుంది. తప్పు ఇన్‌పుట్ వస్తే చెరిపి సరిచేయకండి, మొత్తంగా తిప్పి పంపండి. ఈ ఒక్క అలవాటు మీ చేతికి వచ్చేదాకా నేను చెబుతూనే ఉంటాను.

అసలు తప్పు గుర్తుల్లో లేదు. మిర్చి యార్డులో గుమస్తా చీటీ రాస్తాడు: "ఫలానా రైతు పేరు మీద పది బస్తాలు దించు". ఆ పేరు గడిలో ఎవడో "వెంకయ్య. తర్వాత గోడౌన్ తాళం ఇతనికిచ్చెయ్" అని రాయించాడనుకోండి. చీటీ చదివి పనిచేసే మనిషికి పేరు ఎక్కడ ఆగిందో, ఆజ్ఞ ఎక్కడ మొదలైందో తెలియదు. షెల్‌కి మనం కమాండ్, ఇన్‌పుట్ కలిపి ఒకే స్ట్రింగ్‌గా (అక్షరాల వరసగా) ఇచ్చినప్పుడు జరిగేది ఇదే.

కాబట్టి స్ట్రింగ్ ఇవ్వడమే మానేయాలి. పైథాన్‌లో వేరే ప్రోగ్రామ్‌లను నడిపే సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌కి కమాండ్‌నీ ఇన్‌పుట్‌నీ విడివిడిగా, లిస్టుగా ఇవ్వండి, షెల్ ఈక్వల్స్ ట్రూ (షెల్ ద్వారా నడపమని చెప్పేది) అన్న మాట మీ కోడ్‌లో ఎక్కడా ఉండకూడదు. దానికన్నా ముందు ఐపీఅడ్రస్ మాడ్యూల్‌తో ఆ ఇన్‌పుట్‌ని నిజమైన అడ్రస్‌గా మార్చండి. మారకపోతే అక్కడే ఆపేయండి. దీనికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాలను పోల్చి చూసే నమూనా) రాయడం నాకు ఇష్టం ఉండదు, సొంతంగా రాసినదాంట్లో సందులు మిగులుతాయి.

ఇక ఫైర్‌వాల్. 2024 ఏప్రిల్ 12న ఫైర్‌వాల్స్ తయారుచేసే పాలో ఆల్టో నెట్‌వర్క్స్ ఒక హెచ్చరిక ఇచ్చింది: సీవీఈ-2024-3400 (సీవీఈ అంటే బయటపడ్డ లోపానికి ఇచ్చే నంబరు), తీవ్రత 10కి 10. ఆ ఫైర్‌వాల్స్ సాఫ్ట్‌వేర్ పాన్-ఓఎస్ 10.2, 11.0, 11.1 వెర్షన్లలో గ్లోబల్‌ప్రొటెక్ట్ వీపీఎన్ నడుపుతున్న ఫైర్‌వాల్స్ మీద, లాగిన్ కూడా లేకుండా, రూట్ (పూర్తి అధికారం ఉన్న) హోదాలో కమాండ్లు నడిపించవచ్చు. దీన్ని పట్టుకున్నది వోలెక్సిటీ సంస్థ. మార్చి 26 నాటికే దాడి చేసినవాళ్లు ప్రయత్నాలు మొదలుపెట్టారని వాళ్ల పరిశోధనలో తేలింది.

లోపల జరిగింది చూడండి, మన పింగ్ పేజీయే. బయటి నుంచి వచ్చిన సెషన్ కుకీ (బ్రౌజర్ పంపే గుర్తింపు ముక్క) విలువను సరిగా చూడకుండా డిస్క్ మీద ఫైల్ పేరుగా వాడారు. ఆ విలువలో ../ పెడితే ఖాళీ ఫైల్ కోరుకున్న ఫోల్డర్‌లో తయారవుతుంది. టెలిమెట్రీ (ఫైర్‌వాల్ పనితీరు సమాచారం) ఫోల్డర్‌లోని ఫైళ్లను కంపెనీకి పంపే పని కొంతసేపటికోసారి దానంతటదే నడుస్తుంది. అది ఫైల్ పేరును కర్ల్ (నెట్ మీద డేటా పంపే) కమాండ్‌లో అతికించి షెల్‌కి ఇచ్చింది. పేరులో బ్యాక్‌టిక్, ఆ ఐఎఫ్ఎస్. ఫైల్‌లో ఒక్క అక్షరం లేదు, పేరే దాడి.

2023లో బారాకుడా కంపెనీ ఈమెయిల్ గేట్‌వేలోనూ (మెయిల్‌ని వడపోసే పెట్టె), సీవీఈ-2023-2868, ఇదే వరస. మెయిల్‌కి జత చేసిన టార్ ఫైల్ (చాలా ఫైళ్లను ఒకటిగా కట్టిన ఆర్కైవ్) లోపలి పేర్లను పెర్ల్ భాషలోని కోడ్ షెల్‌కి అందించింది. యూజర్ టైప్ చేసింది మాత్రమే ఇన్‌పుట్ అనుకునేవాళ్లు ఈ రెండిటినీ దగ్గర పెట్టుకుని చదవండి.

సూర్యారావుపేటలో ఒక స్కానింగ్ సెంటర్ నెట్‌వర్క్ చూసుకునే పాఠకుడు అడిగారు: "ఇలాంటిది వస్తే అప్‌డేట్ కొట్టేస్తే టెన్షన్ పోయినట్టేనా మేడమ్?" పోదండీ. అప్‌డేట్ ఇకముందు వచ్చేవాళ్లను ఆపుతుంది, అప్పటికే లోపల ఉన్నవాణ్ణి బయటికి పంపదు. బారాకుడా తన కస్టమర్లకు ప్యాచ్ ఇచ్చాక కూడా, దాడికి గురైన పెట్టెలను, ప్యాచ్ ఏ వెర్షన్‌లో ఉన్నా సరే, మార్చేయమంది.

ముందు ఆధారాలు. రీబూట్, అప్‌గ్రేడ్ చేయకముందే టెక్ సపోర్ట్ ఫైల్ (ఫైర్‌వాల్ స్థితిని కట్టి ఇచ్చేది) తీసి, లాగ్స్ వేరే మెషిన్‌లోకి కాపీ చేయండి. ఆ తర్వాతే హాట్‌ఫిక్స్, అంటే అత్యవసర అప్‌డేట్. పాలో ఆల్టోకి అప్పట్లో 10.2.9-హెచ్1, 11.0.4-హెచ్1, 11.1.2-హెచ్3 మొదటగా వచ్చాయి. హాట్‌ఫిక్స్ వేసేలోపు థ్రెట్ ప్రివెన్షన్ లైసెన్స్ ఉన్నవాళ్లకు సిగ్నేచర్ 95187 (ఈ దాడిని గుర్తుపట్టే నమూనా) ఆన్ చేయమన్నారు. దాన్ని గ్లోబల్‌ప్రొటెక్ట్ ఇంటర్‌ఫేస్‌కి కూడా తగిలించాలి, లేకపోతే ఆ దారిన వచ్చే ట్రాఫిక్‌ని అది చూడదు. టెలిమెట్రీ ఆపేస్తే చాలని మొదట చెప్పారు, కొద్ది రోజులకే అది సరిపోదని మార్చారు. హెచ్చరిక పేజీని ఒకసారి చదివి మూసేయకండి, రోజూ తెరిచి చూడండి.

చొరబాటు అనుమానం ఉంటే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఫైర్‌వాల్ కాన్ఫిగ్‌లో దాగిన పాస్‌వర్డ్‌లు, సర్టిఫికెట్ కీలు, యాక్టివ్ డైరెక్టరీ (విండోస్ నెట్‌వర్క్ లాగిన్ల వ్యవస్థ) సర్వీస్ అకౌంట్లు అన్నీ మార్చాలి. మన దేశంలో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశం ప్రకారం సంఘటన తెలిసిన 6 గంటల్లోగా వాళ్లకు తెలియజేయాలి, లాగ్స్ 180 రోజులు ఉంచాలి. మీ ఫైర్‌వాల్ సొంత డిస్క్‌లో అన్ని రోజులు నిలవవు. బయట ఒక సిస్‌లాగ్ సర్వర్ (లాగ్స్ అందుకుని దాచే మెషిన్) పెట్టుకోండి, పాత డెస్క్‌టాప్ అయినా చాలు.

సాధన మీ సొంత వర్చువల్ మెషిన్‌లోనే చేయండి. ఊళ్లో ఎవరి ఫైర్‌వాల్ మీదా ప్రయత్నించవద్దు, ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.

ఒక ఫోల్డర్‌లో నాలుగు ఫైళ్లు చేయండి: పేరులో స్పేస్ ఉన్నది, $( ) ఉన్నది, కొత్త లైను ఉన్నది, హైఫన్‌తో మొదలయ్యేది. షెల్ వాడకుండా ఆ నాలుగింటినీ టార్ కమాండ్‌తో ఒకే ఆర్కైవ్‌లోకి చేర్చే పైథాన్ ప్రోగ్రామ్ రాయండి. తిరిగి విప్పినప్పుడు పేర్లు అక్షరం తేడా లేకుండా రావాలి. లిస్టుగా ఇచ్చినా హైఫన్ ఫైల్ దగ్గర మీలో చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే టార్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది. ఫైల్ పేర్లకు ముందు రెండు హైఫన్‌లు విడిగా ఇస్తే ఆప్షన్లు అక్కడితో అయిపోయాయని అర్థం. ఫైల్ పేరుకు ముందు ./ పెట్టినా పని జరుగుతుంది, నేను అదే వాడతాను. రెండు విధాలుగానూ చేసి, పేర్ల జాబితాతో సహా పంపండి.